బంతి అంటని నలుగురు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. మా ఇంట్లో పాలు పొంగితే, నేను చెప్పేసరికి షామీర్‌పేట చెరువు అలుగు పారుతుంది. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి వింటుంది, పిల్లలు ముప్పాతిక తీసేస్తారు, ఆఫీసులో అయితే అసలు వినరు. కాబట్టి ఇందులో ఎవరి పొట్టయినా మరీ పెద్దగా, ఏ మైదానమైనా మరీ చిన్నగా కనిపిస్తే మీకు తోచినంత కోసుకోండి. అయితే పెంచడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో నేను పుట్టించింది ఒక్కటే ఉంది. అదేమిటో ఆఖర్న నేనే చెబుతాను.

మాది కోస్తా. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసుకుంటూ, తూంకుంట దాటాక కొత్తగా పడిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాను. 2009లో ఆ కాలనీలో ఇళ్ళు పదకొండు, కుక్కలు నాలుగొందలు. మంచినీళ్ళ కోసం నేను రాసిన అర్జీ చదివి, ఆ లేఅవుట్ వేసిన ఆసామి ముగ్ధుడైపోయాడు. చుట్టుపక్కల అందరూ ఆయన్ని 'అన్న' అనేవారు. ఆయనకన్నా పదేళ్ళు పెద్దవాణ్ణయినా నేనూ అనేవాణ్ణి. ప్లాటు ఆయన దగ్గరే కొన్నాక ఇంకేమంటాం. అన్నకు మేడ్చల్లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉండేది. దానికి నన్ను కార్యదర్శిని చేశాడు.

"నాకు ఫుట్‌బాల్ రాదండీ" అన్నాను.

"నాకొస్తదా? నీకు రాసుడొస్తది గద సారూ, సాలు" అన్నాడు.

మేము సాధన చేసే మైదానం షామీర్‌పేట వెళ్ళే దారిలో, అన్న ఇంకా అమ్మని ప్లాట్ల మీద ఉండేది. ఆటగాళ్ళకు స్థానాలు ప్లాటు నంబర్లతో చెప్పేవారు. "నువ్వు పద్నాలుగు దాటొద్దు, నువ్వు ఇరవై రెండుల ఉండు" అని. ప్లాట్లు అమ్ముడయ్యేకొద్దీ మైదానం చిక్కిపోయేది. ఈశాన్యం బిట్టు ముందు పోతుంది కదా, మొదటి ఏడే మాకొక కార్నర్ పోయింది. కొన్నాయన కుటుంబంతో వచ్చి, కొబ్బరికాయ కొట్టి, చుట్టూ ముళ్ళకంచె వేసుకుని వెళ్ళాడు. ఆ మూల నుంచి కార్నర్ కిక్ కొట్టడం మా జట్టు ఈ జన్మకు నేర్చుకోలేదు.

జట్టు అంటే మా జట్టు అనడానికి నాకే సిగ్గుగా ఉండేది. అందరూ కిరాయివాళ్ళు. సికింద్రాబాద్ నుంచి కొందరు, కలకత్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ పనిచేసుకునేవాళ్ళు కొందరు, చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా కుర్రాళ్ళు ఇద్దరు. మ్యాచ్ రోజు మేడ్చల్ స్టేషన్లో దిగేవారు, ఆడేవారు, తర్వాతి రైలెక్కేవారు. మేడ్చల్ గురించి వాళ్ళకు తెలిసింది స్టేషను బయటి మిర్చి బజ్జీ ఒక్కటే. అయినా గెలిచేవారు.

ఆ గెలుపు మీద లీగ్ కమిటీ కన్ను పడింది. నగరానికి ఉత్తరాన ఉన్న చిన్నాచితకా క్లబ్బులన్నీ కలిసి నడుపుకునే లీగ్ అది. కమిటీలో తెల్ల సఫారీ సూటు తొడిగే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆ సూటు ఇస్త్రీ మడతతో కొత్తిమీర తరగవచ్చు. ఐరోపాలో పెద్ద క్లబ్బులన్నీ సొంతంగా పెంచుకున్న ఆటగాళ్ళను కొంతమందిని తప్పకుండా ఉంచుకోవాలట అని ఆయన ఎక్కడో చదివాడు. ఐరోపాకి మంచిదైనది మేడ్చల్‌కి చెడ్డదెలా అవుతుంది? మూడు సమావేశాలు, ముప్ఫై ప్లేట్ల సమోసాలు అయ్యాక నిబంధన పుట్టింది. మైదానంలో ఉన్న పదకొండు మందిలో నలుగురు, మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా, క్లబ్బు పెంచినవాళ్ళే ఉండాలి. పెంచడం అంటే, ఆ చుట్టుపక్కల పిల్లవాడై, పద్దెనిమిది నిండకముందే క్లబ్బులో నమోదై ఉండడం.

ఉద్దేశం మేలిమి బంగారం. ఈ దెబ్బతో క్లబ్బులన్నీ పిల్లల్ని చేరదీసి, ఓపిగ్గా ఆట నేర్పి, తీర్చిదిద్దుతాయని వాళ్ళ నమ్మకం. నలుగురు మైదానంలో ఉండాలని రాశారు. ఆ నలుగురూ ఆడాలని మాత్రం ఎక్కడా రాయలేదు.

అన్న సైట్ ఆఫీసులో పంచాయితీ పెట్టాడు. అన్న, నేను, కోచ్. కోచ్ కంటోన్మెంట్ వైపు పాత ఆటగాడు. నడుస్తుంటే మోకాళ్ళు తలుపుల్లా కిర్రుమనేవి. ఆయన వస్తున్నాడని ఫర్లాంగు దూరం నుంచే తెలిసేది.

"పదకొండుల నలుగురు పోతే ఏడుగురు. ఏడుగురితోని కప్పు గెలుస్తమా కోచ్ సాబ్?" అన్నాడు అన్న.

"గెలుస్తం అన్నా. గా నలుగురు అడ్డం రాకుంటే సాలు."

"పోరగాండ్లకు ఆట నేర్పుతవా మరి?"

"ఆడుడు నేర్పాల్నంటే మూడేండ్లు పడ్తది. ఆడకుండ ఉండుడు నేర్పాల్నంటే మూడు నెలలు."

అన్న తొడ చరుచుకుని నవ్వాడు. నేను గొంతు సవరించుకుని, "పిల్లలు ఇక్కడివాళ్ళేనని క్లబ్బు తరఫున రాసివ్వాలి కదండీ, అదెవరు రాస్తారు?" అన్నాను.

"నువ్వే. నువ్వు రాస్తే ఎవ్వనికి అనుమానం రాదు. నువ్వు లోకల్ కాదు గద!"

అవి లోకల్ ఎవరు, నాన్‌లోకల్ ఎవరు అన్న మాట మీద రోజు విడిచి రోజు బస్సులు ఆగిపోతున్న రోజులు. ఈ నేల పిల్లలెవరో తేల్చి సంతకం పెట్టే అధికారం కోస్తా నుంచి వచ్చిన నాకు దక్కింది.

ముగ్గురు సులువుగానే దొరికారు. అన్న మేనల్లుడొకడు, బస్ డిపో ఎదుట పంక్చర్లు వేసే ఆయన కొడుకొకడు, మా కాలనీలో ఎదురింటి అబ్బాయొకడు. నాలుగోవాడు నా కంట్లో పడ్డాడు. ఆ పాపం పూర్తిగా నాది.

షామీర్‌పేట దగ్గరి పల్లెలో ఒక ద్రాక్షతోట. తీగ పందిళ్ళకు ఆనుగా వరసగా రాతి కడీలు పాతి ఉంటాయి. తోట కౌలుకు చేసే ముస్లిం కుటుంబం వాళ్ళ అబ్బాయి, పదిహేనేళ్ళు ఉంటాయేమో, చెప్పుల్లేని ఎడమకాలితో ఆ కడీల మధ్య బంతి నడిపిస్తున్నాడు. నేను ద్రాక్ష కొనడానికి వెళ్ళి, గంపలు అక్కడే వదిలేసి చూస్తూ నిలబడ్డాను. వాడు తన్నిన బంతి మొదటి కడీని కుడిపక్క నుంచి, రెండోదాన్ని ఎడమపక్క నుంచి దాటి, మూడోదాని చుట్టూ ప్రదక్షిణ చేసి, వాడి కాలి దగ్గరికే వచ్చి పడుకుంది. ప్రదక్షిణ తీసేసుకోండి, మిగతాది ఉంచుకోండి.

తండ్రి గంప మీద కూర్చుని నా మాటలన్నీ విన్నాడు. క్లబ్బు, కోచ్, లీగ్, పెద్ద పెద్ద ట్రయల్స్, ఏవీ వదల్లేదు నేను.

"సార్, సాఫ్ సీదా చెప్త. తోట నాది గాదు. పట్టాదారు ప్లాట్లకు అమ్ముతున్నడు, ఇయ్యాల గాకుంటె రేపు. మూడేండ్లు గడువు ఇస్తున్న పోరనికి. ఆట పేరు మీద నౌకరీ దొరికిందా, మస్తు. లేదా, ట్రాలీ ఆటో స్టీరింగ్ పట్టాలె, మార్కెట్‌కు కూరగాయలు ఎయ్యాలె. మల్ల ఆట అన్న మాట నా ఇంట్ల ఇనవడొద్దు."

"మీరు నిశ్చింతగా ఉండండి. మూడేళ్ళలో మీవాడు ఎక్కడో ఉంటాడు" అన్నాను.

ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాం. మూడేళ్ళూ వాడు ఎక్కడో ఉన్నాడు, బంతి ఉన్న చోట తప్ప.

కోచ్ చెప్పిన పాఠానికి 'నీడ' అని పేరు. వారానికి మూడు ఉదయాలు, నలుగురినీ ప్లాట్లలో నిలబెట్టి చెప్పేవాడు.

"బంతి మనోని కాడ ఉన్నది. నువ్వు యాడ నిలవడాలె?" అని ఎడమకాలి వాణ్ణి అడిగాడు మొదటి రోజు.

"ఖాళీ జాగల సాబ్."

"తప్పు! ఖాళీ జాగల ఉంటె నీకు బంతి ఇస్తడు. దుష్మన్ ఎనకాల నిలవడు. వాని నీడల. గప్పుడు మనోనికి నువ్వు కనవడవు."

"కనవడకుంటె ఎట్ల ఆడాలె సాబ్?"

"అరె, గదే గద నేను జెప్తున్నది!"

అయినా కర్మకాలి బంతి వచ్చేస్తే, గీత బయటికి తన్నెయ్యాలి. తన్నడానికి కుదరకపోతే పిక్క పట్టుకుని కూర్చోవాలి. మా ఎదురింటి అబ్బాయి వారం రోజుల్లో ఆరితేరాడు. పుట్టుకతోనే వాడికి ఆ ప్రతిభ ఉంది. ఎడమకాలి వాడికి మాత్రం ఒంటికి ఎక్కలేదు. రెండో మ్యాచ్‌లో బంతి తీసుకుని ముగ్గుర్ని దాటాడు. అవతలివాళ్ళలో నాలుగోవాడు లాక్కుని పోయి మా మీద గోల్ కొట్టాడు. అన్న ఊగిపోయాడు.

"నీకు ఆడుమని ఎవడన్నా చెప్పిండా? చెప్పిండారా? ఇంకోపాలి బంతి ముడితె రిజిస్టర్ల కెల్లి పేరు తీపిస్త!"

పేరు పోతే లీగ్ లేదు, లీగ్ లేకపోతే ట్రయల్ లేదు, ట్రయల్ లేకపోతే స్టీరింగే. వాడికది తెలుసు. ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి, "ఏం జెయ్యమంటరు సార్?" అని అడిగాడు. "కోచ్ సాబ్ చెప్పినట్టు విను నాయనా. పెద్దవాళ్ళు ఊరికే చెప్పరు" అన్నాను. కార్యదర్శిని కదా, అలాంటి మాటలు నా నోట తన్నుకుంటూ వస్తాయి.

విన్నాడు. ఏ పని చెప్పినా చక్కగా చేసే పిల్లలతో వచ్చే చిక్కే అది. మూడో ఏడు వచ్చేసరికి నీడలో నిలబడడంలో వాడిని మించినవాడు లీగ్‌లో లేడు. నడి మధ్యాహ్నం, మనిషి నీడ అరచెయ్యంత కూడా లేనప్పుడు, ఆ అరచెయ్యంతలో సర్దుకునేవాడు.

మేమే ఇలా చేశామనుకోకండి. అన్ని క్లబ్బులూ ఇదే దారి పట్టాయి. రెండు వైపులా నలుగురేసి చొప్పున ఎనిమిది మంది దాక్కునేవాళ్ళు తయారయ్యాక ఆట చూడాలి. మావాడు వాళ్ళవాడి వెనక్కి వెళ్ళేవాడు. వాళ్ళవాడికీ అదే శిక్షణ కాబట్టి మావాడి వెనక్కి వచ్చేవాడు. ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ, మేడ్చల్ మైదానం అంచున బతుకమ్మ ఆడుతున్నట్టుండేది. ఒకసారి అలా తిరుగుతూ తిరుగుతూ ఒక జంట గేటు దాటి నిజామాబాద్ రోడ్డెక్కింది. లారీవాడు హారన్ కొట్టాక గాని వెనక్కి రాలేదు.

చూడవచ్చినవాళ్ళు ఊరుకుంటారా? నిబంధన కోసం నిలబడే నలుగురికీ 'కోటా' అని పేరు పెట్టారు.

"ఓ కోటా! కాళ్ళు ఇంట్ల మర్శిపోయొచ్చినవార?"

"వాన్నేమనకురా, ఆడు ఆటకు రాలే. రూల్ నిలవడ్డది ఆడ!"

"ఎండల పరేషానైతున్నవు బిడ్డా, పోయి సల్ల తాగి పండుకో!"

నవ్వులు మైదానం దాటి వినబడేవి. ఎడమకాలి వాడు తల ఎత్తేవాడు కాదు. నేను మాత్రం గీత పక్కన నిలబడి, వాడు బాగా దాక్కున్నప్పుడల్లా చప్పట్లు కొట్టేవాణ్ణి. బాగా చేసిన పనిని మెచ్చుకోవాలి కదా.

కప్పు గెలిచాం. దానికి తోడు, పిల్లల్ని పెంచడంలో ఉత్తమ క్లబ్బు అని కమిటీ మాకొక షీల్డు ఇచ్చింది. అది గోల్‌పోస్టు కన్నా రెండంగుళాలు పెద్దది. మా పెంపకం గురించి నివేదిక నేనే రాశాను. 'మా నలుగురు యువకులు ప్రతి మ్యాచ్‌లో, ప్రతి నిమిషం మైదానంలో ఉన్నారు' అని. అందులో ఒక్క అక్షరం పెంచింది లేదు. నా జన్మలో నేను పెంచకుండా రాసిన కాగితం అదొక్కటే, అంత పెద్ద అబద్ధం మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. సఫారీ పెద్దమనిషి దాన్ని వేదిక మీద చదివి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. కప్పూ షీల్డూ అన్న సైట్ ఆఫీసులో, లేఅవుట్ పటం పక్కన వెలిశాయి. ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు.

2013లో ట్రయల్ వచ్చింది. కుర్రాళ్ళకు ఉద్యోగమిచ్చి తన జట్టులో ఆడించుకునే పెద్ద సంస్థ ఒకటి, సికింద్రాబాద్‌లో ఎంపిక పెట్టింది. వాడికి పద్దెనిమిది నిండుతున్నాయి. అప్పటికే తోట పోయింది. తీగలు పీకేసి, కడీలు లారీకెత్తారు. తండ్రి ట్రాలీ ఆటో కొని ఇంటిముందు పెట్టాడు.

"గడువు అయిపోయింది సార్. గిదే ఆఖరి" అన్నాడు.

వాణ్ణి నా స్కూటర్ వెనక ఎక్కించుకుని బయల్దేరాను. బొల్లారం దగ్గర రైలు గేటు పడితే ఆగాం. అప్పుడు అడిగాడు.

"సార్, ఆడ యాడ నిలవడాలె?"

"నీకు తోచిన చోట నిలబడు."

"నాకు తోసేది నీడనే గద సార్."

గేటు లేచింది. నేను స్కూటర్ కిక్ కొట్టాను.

కుర్రాళ్ళను రెండు జట్లుగా విడదీసి అరగంట ఆడించారు. ఎంపిక చేసేవాడు పుల్లలాంటి మనిషి, చేతిలో చిన్న పుస్తకం. చూసేవాళ్ళ బెంచీ మీద నా పక్కనే సఫారీ పెద్దమనిషి. ఆట మొదలైంది. పదిహేడో నంబరు చొక్కాలో మావాడు ఎదుటివాడి వెనక్కి చేరాడు. వాడు కదిలితే కదిలాడు, ఆగితే ఆగాడు. ఇరవై నిమిషాలు. అంత నిష్ఠగా మనిషి మాయమవడం నేను చూడలేదు. పుల్లలాంటి మనిషి పుస్తకం తిరగేసి, "పదిహేడో నంబర్ రాలేదా?" అని అడిగాడు.

అప్పుడు నేను బెంచీ మీంచి లేచాను. గీత దాకా పరుగెత్తి, "నీడలోంచి బయటికి రారా! బంతి అడుగు!" అని అరిచాను. నా గొంతుకి కంటోన్మెంట్ గుర్రాలు బెదిరాయి. వాడు ఉలిక్కిపడ్డాడు. ఒక్క అడుగు పక్కకి వేశాడు. ఖాళీ జాగా. బంతి వచ్చింది. ఎడమకాలితో ఒకసారి ఆపి, రెండోసారి తన్నాడు. అది ఇద్దరు మనుషుల చుట్టూ వంపు తిరిగి, గోల్‌కీపర్ వేళ్ళు దాటి, పైకడ్డీకి తగిలింది. ఆ మోత బొల్లారం గేటు దాకా వినిపించింది. పుల్లలాంటి మనిషి తల ఎత్తాడు. విజిల్ పడింది.

జాబితాలో వాడి పేరు లేదు. నేను వెళ్ళి బతిమాలాను. దరఖాస్తుకు జతచేసి పంపిన నా నివేదికను ఆ మనిషి నాకే చూపించాడు.

"మూడేళ్ళు ప్రతి నిమిషం ఆడాడని మీరే రాశారు. ఇన్ని నిమిషాల్లో ఈ అబ్బాయికి బంతి కావాలనిపించడం ఎవరూ నేర్పలేదాండీ? ఇప్పుడు నేర్పాలంటే ముందు ఇదంతా మరిపించాలి. మాకంత వ్యవధి లేదు."

సఫారీ పెద్దమనిషి నా భుజం తట్టాడు. "మన లీగ్ నుంచి ట్రయల్ దాకా వచ్చాడంటే నిబంధన పనిచేస్తున్నట్టే. వచ్చే ఏడు నలుగుర్ని ఆరుగురు చేద్దామనుకుంటున్నాం." నిజంగానే చేశారు. మరో ఇద్దరు దాక్కోవడానికి మాకు నీడలు సరిపోలేదు.

తండ్రి షామీర్‌పేట మలుపు దగ్గర, కరీంనగర్ రోడ్డు మీద ఆటో ఆపుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఏమైంది సార్?"

"పైకడ్డీకి తగిలిందండీ. ఇంతలో, ఇదిగో, ఇంతలో తప్పింది" అని వేలు చూపించాను.

"ఏ కాలుతోని?"

"ఎడమకాలితోనే."

"నాకెరుకే!" అని నవ్వాడు. కొడుకు వీపు మీద గట్టిగా ఒకటి చరిచాడు. "కడ్డీకి తాకిందంటె మజాకా? నసీబ్ లేదు, గంతే. పా బిడ్డా, జల్దీ." ఆటో తాళాలు వాడి చేతిలో పెట్టాడు. వాడు నా వైపు చూడకుండా ఎక్కి, బండి స్టార్ట్ చేశాడు. ఆ తండ్రి ఇప్పటికీ మార్కెట్లో ఆ కడ్డీ మోత గురించి చెబుతుంటాడట, నాకన్నా పెంచి.

ఇక పుట్టించింది.

నేను లేవలేదు. అరవలేదు. పక్కన సఫారీ పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నీడలోంచి బయటికి రారా అంటే, అందులోకి తోసిందెవరని అడగడా? నేను రాసిన కాగితం ఏమైపోవాలి? కాబట్టి వాడు బయటికి రాలేదు. బంతి రాలేదు. కడ్డీకి ఏదీ తగల్లేదు. అదంతా స్కూటర్ ఆపి, ఆ తండ్రి ఆటో దిగి నా దగ్గరికి నడిచొచ్చే లోపల నేను అల్లింది. కొడుకు పక్కనే ఉండి విన్నాడు, కాదనలేదు.

అసలు జరిగింది ఇది. ఇరవయ్యో నిమిషంలో, తన నంబరు పిలవడం వినబడి, వాడు ఒక్కసారి బెంచీ వైపు తిరిగి నన్ను చూశాడు. ఏం చెయ్యమంటారు సార్ అన్నట్టు. నేను చప్పట్లు కొట్టాను. వాడు తలూపి, మళ్ళీ ఎదుటివాడి వెనక్కి వెళ్ళిపోయాడు.